ఓ ఉద్యోగీ, రేపు రా

మా చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్ళు. రాత్రిపూట దెయ్యం వచ్చి తలుపు తడుతుందట. ఆ రాత చదివి వెనక్కి పోతుందట. మర్నాడు మళ్ళీ వస్తే అదే రాత, మళ్ళీ పోతుందట. చదువొచ్చిన దెయ్యానికి ఆపాటి కిటుకు తెలియదా అని నాకు అప్పట్లో పెద్ద అనుమానం. ఇప్పుడా అనుమానం లేదు. ఎంటెక్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో పదహారేళ్ళు నలిగిన నేను కూడా అలాంటి తలుపు దగ్గరే రెండేళ్ళ పైచిలుకు నిలబడ్డాను.

2020 మార్చి 21, శనివారం, జనతా కర్ఫ్యూకి ముందురోజు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా అద్దె ఫ్లాటుకి తాళం వేసి నరసరావుపేట బయల్దేరాం. తలా రెండు జతల బట్టలు, ఒక లాప్‌టాప్, నాలుగేళ్ళ పాప. ‘వారంలో వచ్చేస్తాం, కాసిని నీళ్ళు పొయ్యండి’ అని మా ఆవిడ తులసి కుండీని ఎదురు ఫ్లాటు ఆంటీకి అప్పజెప్పింది. ఆంటీ పోసింది. ఆ తులసి ఇప్పుడు ఆంటీవాళ్ళదే.

మా కంపెనీ పేరు చెప్పను. చెప్పాల్సిన పని కూడా లేదు. ఇది చదివే ఐటీ ఉద్యోగులందరూ ఎటూ తమ కంపెనీయే అనుకుంటారు.

మొదట్లో మెయిళ్ళు ముచ్చటగానే ఉండేవి. నెలాఖరు దాకా ఇంటినుంచే చెయ్యండి అన్నారు. ఆ తర్వాత జూన్ దాకా, సెప్టెంబరు దాకా, ఏడాది చివరిదాకా. అక్కడివరకు ఎవర్నీ తప్పు పట్టను. కరోనా ముహూర్తం పెట్టుకుని రాలేదు, ముహూర్తం చూసుకుని పోనూ లేదు. ఎవరికి మాత్రం ఏం తెలుసు?

2021లో భాష మారింది. ‘ఏ క్షణమైనా పిలుపు రావచ్చు, సిద్ధంగా ఉండగలరు’ అని ఒక మెయిలు. పైకి చదివి వినిపిస్తే మా అమ్మ అడిగింది: “సిద్ధంగా ఉండటం అంటే ఏంది నాయనా? సంచులు సర్దుకుని వాకిట్లో కూర్చోవాలా?” నాకూ తెలియదు కాబట్టి మేనేజర్ని అడిగాను. ఆయన తన పైవాళ్ళని అడిగాడు. వారం తర్వాత పైనుంచి జవాబు దిగింది: సిద్ధంగా ఉండటమంటే, పిలిచినప్పుడు రాగలిగేలా ఉండటం.

సరే, సిద్ధమయ్యాం. పాత ఫ్లాటు అంతకుముందే, తాళం వేసిన ఇంటికి అయిదు నెలలు అద్దె కట్టాక, ఖాళీ చేసేశాం. ఈసారి కొండాపూర్‌లో రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరుకి ఒక నెల అద్దె ఇచ్చి ఇల్లు మాట్లాడాను. అది మార్చి. ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. ఊపిరాడక మనుషులు పోతున్న రోజుల్లో ఇల్లేంటి, ఆఫీసేంటి. జూలైలో వదులుకుందామని వెళితే, రంగులు వేయించాలని ఓనరు ఒక నెల అద్దె పట్టుకున్నాడు. ఆ గోడల్ని నేను చూసింది ఒక్కసారి. నా చూపుకే పెచ్చులూడిపోయాయి కాబోలు.

ఆగస్టులో బడులు తెరిస్తే పాపని ఊళ్ళోనే ఒకటో తరగతిలో వేశాం. డిసెంబరులో మెయిలు: జనవరి 3 నుంచి అందరూ రావాలి, ఇక మార్పు ఉండదు. బడికి వెళ్ళి టీసీ అడిగాను. హెడ్‌మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. క్రిస్మస్ పండక్కి ఒమిక్రాన్ దిగింది, మెయిలు మారింది. టీసీ తీసుకెళ్ళి వెనక్కి ఇచ్చాను. ఏప్రిల్ నెలాఖరులో మళ్ళీ మెయిలు, మళ్ళీ టీసీ. ఈసారి ఆయన రాయబోతూ ఒక చోట ఆగారు. జిల్లా అన్న గడి దగ్గర. డిసెంబరు టీసీలో అక్కడ గుంటూరు అని ఉంది. ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా నరసరావుపేట పల్నాడు జిల్లాకి ముఖ్యపట్టణమైంది. అంటే మా కంపెనీ ఒక్క తేదీ తేల్చుకునేలోపు ప్రభుత్వం జిల్లాల హద్దులు గీసి, కలెక్టర్లని వేసి, బోర్డులు కూడా మార్చేసింది. ప్రభుత్వాన్ని ఆలస్యానికి ఉదాహరణగా చూపించే అలవాటు నేను ఆ రోజే మానుకున్నాను.

“సార్, తేదీ వెయ్యకుండా ఇస్తాను, మీ దగ్గరే ఉంచుకోండి” అన్నారు హెడ్‌మాస్టారు. హాస్యానికి అన్నారనే అనుకుంటున్నాను.

జూన్‌లో నిజంగానే పిలిచారు. హైబ్రిడ్ అన్నారు. ఆ మాట పత్తి విత్తనాల దగ్గర తప్ప ఎప్పుడూ వినని మా మావయ్య “మొలుస్తుందంటావా?” అన్నాడు.

వారానికి మూడు రోజులు. మొదటి రోజు, మళ్ళీ వచ్చి చేరిన కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి గంటన్నర పట్టింది. బయోడైవర్సిటీ దగ్గర ఎర్ర సిగ్నలు నాలుగుసార్లు పడింది, మా క్యాబు మూడు బండ్ల మేర జరిగింది. ఆఫీసుకి చేరితే నా సీటు లేదు. ఎవరి సీటూ లేదట. పొద్దున్నే యాప్‌లో బుక్ చేసుకోవాలట. నాకు ఏడో అంతస్తులో, పాంట్రీ పక్కన దొరికింది. మా టీమ్ నాలుగులో ఉంది. టీమ్ అంటే ఇద్దరు. మిగతావాళ్ళలో ఒకతను పుణేలో, ఇంకొకామె చెన్నైలో, మేనేజరు బెంగళూరులో, క్లయింటు డల్లాస్‌లో. పదకొండింటికి మీటింగు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నరసరావుపేట మిద్దె మీద కూర్చుని ఎలా మాట్లాడేవాణ్ణో అలాగే లాప్‌టాప్‌తో మాట్లాడాను. నాలుగో అంతస్తు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని విడివిడిగా కాల్‌లోకి వచ్చారు, దాంతో ఒకరి గొంతు ఇంకొకరి మైకులోంచి రెండోసారి వినిపించింది. “అందరం ఆఫీసులో ఉంటే ఆ ఉత్సాహమే వేరు” అన్నాడు మేనేజరు, బెంగళూరు ఇంట్లోంచి. ఆయన వెనక కుక్కరు మూడో కూత వేసింది.

ఎందుకు రమ్మన్నారయ్యా అంటే, కల్చరు అన్నారు. మనుషులు ఎదురుపడితేనే కొత్త ఆలోచనలు పుడతాయట, అదీ కాఫీ మిషను దగ్గర పుడతాయట. నేను మిషను దగ్గర కాపు కాశాను. అక్కడ పుట్టిన ఆలోచనలు ఇవి: కొండాపూర్‌లో డబుల్ బెడ్రూమ్ ఎంత చెబుతున్నారు, దుర్గం చెరువు వంతెన మీదుగా వస్తే ఎంత కలిసొస్తుంది, ఫలానా అతను మానేశాడట, ఎంత హైక్‌తో?

ఆ కల్చరుకి తడి తగలకూడదు. ఐకియా కూడలిలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే చాలు, కల్చరు లేకుండా పనులు జరిగిపోతాయి. 2023 జూలై వానలకి సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలని విడతలవారీగా, ఈ బిల్డింగులవాళ్ళు మూడింటికి, ఆ బిల్డింగులవాళ్ళు నాలుగున్నరకి అంటూ ఇళ్ళకి పంపించమన్నారు. ఆ వారం ఏ ప్రాజెక్టూ కూలలేదు. రాత్రి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. రాత్రి పదకొండుకి డల్లాస్ వాళ్ళు పిలిస్తే ఆ కాల్ మంచం మీదినుంచి చెయ్యవచ్చు. శనివారం రిలీజు ఉంటే అత్తగారింటి పెళ్ళిపందిట్లోంచి చెయ్యవచ్చు. ఇంటినుంచి చేసే పనికి పగటిపూట మాత్రమే నాణ్యత తగ్గుతుంది. రేచీకటి విన్నాం, ఇది పగటిచీకటి.

మా కంపెనీ ఒక్కటే కాదు లెండి. దేశంలోకెల్లా పెద్ద ఐటీ కంపెనీ టీసీఎస్ 2020 ఏప్రిల్‌లోనే గొప్ప మాట చెప్పింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా తమ వాళ్ళలో 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని. దానికి 25 బై 25 అని పేరు కూడా పెట్టింది. ఆ మాట నమ్మి సొంతూళ్ళో మేడ మీద ఇంకో గది వేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. 2025 రాకముందే, 2023 అక్టోబరు నుంచి, వారానికి అయిదు రోజులూ రమ్మన్నారు. గది మిగిలింది, మిరపకాయలు ఆరబోసుకోవడానికి పనికొస్తోంది. ఇక లోకమంతటికీ ఇంట్లో కూర్చుని మీటింగు పెట్టుకోవడం నేర్పించి, ఆ డబ్బుతోనే పెద్దదైన జూమ్ కంపెనీ 2023 ఆగస్టులో, ఆఫీసుకి 50 మైళ్ళ లోపు ఉండే తన ఉద్యోగుల్ని వారానికి రెండు రోజులు స్వయంగా వచ్చి కనపడమంది. తన మందు తాను మింగని వైద్యుణ్ణి మనం చూడనిది కాదు గానీ, దుకాణం ముందే నిలబడి చెప్పే వైద్యుణ్ణి ఇప్పుడే చూస్తున్నాం.

కేంద్ర ప్రభుత్వానికీ ఈ విద్య పట్టుబడింది. మన హైటెక్ సిటీ చుట్టూ ఉన్న భవనాల్లో చాలావాటికి సెజ్ హోదా ఉంది. పన్ను రాయితీలు ఆ హద్దుల్లో జరిగే పనికి గనుక, ఉద్యోగి నరసరావుపేటలో కూర్చుంటే లెక్క తప్పుతుంది. అందుకని 2022 జూలైలో 43ఏ అని ఒక నిబంధన తెచ్చారు: సగం మంది దాకా ఇంటినుంచి, గరిష్ఠంగా ఒక ఏడాది. అదే ఏడాది డిసెంబరులో, సగమేమిటి అందరూ చెయ్యొచ్చు, 2023 చివరిదాకా అన్నారు. తర్వాత 2024 చివరిదాకా పొడిగించారు. రేపు రా అని ఢిల్లీలో గెజిట్ మీదే రాస్తారు, సుద్దముక్క అక్కర్లేదు.

పోనీ ఇల్లు మేలో ఆఫీసు మేలో తెలుసుకునే దారి లేదా అంటే ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన బృందం చైనాలో ట్రిప్ డాట్ కామ్ కంపెనీలో 1,612 మంది మీద ప్రయోగం చేశారు. పుట్టినరోజు బేసి తేదీన వచ్చేవాళ్ళు వారంలో రెండు రోజులు ఇంటినుంచి చేయవచ్చు, సరి తేదీవాళ్ళు రోజూ ఆఫీసుకే. 2024లో నేచర్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పనితీరులో తేడా లేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. ఇంటిపని వల్ల నష్టమేనని ముందు అనుకున్న మేనేజర్లు ప్రయోగం అయ్యాక అభిప్రాయం మార్చుకున్నారు. నాకు నచ్చింది ఫలితం కూడా కాదు, ఆ పద్ధతి. పుట్టినరోజు చూసి విభజించి, ఆరు నెలలు మాట మీద నిలబడ్డారు. మా దగ్గర వారానికి రెండు రోజులు అన్నారు, మూడన్నారు, మూడులో సోమవారం తప్పనిసరి అన్నారు, సోమవారం సీట్లు చాలక మంగళవారం అన్నారు. పంచాంగంలో వర్జ్యానికి కూడా ఇంతకన్నా నిలకడ ఉంటుంది.

ఇంటిపని స్వర్గమని నేననను. క్లయింటుకి డెమో ఇస్తుంటే కరెంటు పోయింది. ‘ఊరికే కూర్చున్నావుగా, కాస్త కొత్తిమీర పట్రా’ అని అమ్మ కాల్ మధ్యలో అనేది. 2020లో చేరిన కుర్రవాడికి లాప్‌టాప్ కొరియర్లో వచ్చింది, పక్కన కూర్చుని పని నేర్పేవాడు రాలేదు. వాడికి ఆఫీసు కావాలి, నిజంగా కావాలి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకీ, అంతస్తులు తుడిచే అమ్మలకీ ఇంటినుంచి అన్న ప్రశ్నే రాలేదు. మాకు నెలకో మెయిలు వచ్చింది. రోడ్డు పక్క టీ బండి అతనికి ఆ పాటి మెయిలు కూడా పంపినవాడు లేడు. మాదాపూర్ హాస్టళ్ళ గేట్లకి టులెట్ బోర్డులు తుప్పు పట్టేదాకా వేలాడాయి. రమ్మంటే నాకు కోపం లేదు. రావద్దన్నా లేదు. వస్తానో రానో చెప్పని పెళ్ళికొడుకు కోసం పందిరి వేసి కూర్చోబెట్టారే, దానికి కోపం.

ఆ పందిరి ఖర్చు ఎవరిది? ఒక మెయిలు పంపడానికి కంపెనీకి అయ్యేది సున్నా. తేదీ మార్చడానికీ సున్నాయే. ఇటువైపు మాకు అయిదు నెలల తాళం అద్దె, ఒక నెల బ్రోకరు, ఒక నెల రంగులు, రెండు టీసీలు, చార్జింగు దిగి చచ్చిన బండి బ్యాటరీ, పరాయిదైపోయిన తులసి. పైగా ‘అనిశ్చిత కాలంలో మీ సహనానికి ధన్యవాదాలు’ అని ప్రతి మెయిలు చివరా ఉండేది. అనిశ్చితి మీరే తయారు చేసి మాకు డెలివరీ ఇచ్చారు, ధన్యవాదాలు దేనికి?

ఇప్పుడు కార్డు గీకిన లెక్కలు తీస్తున్నారు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో మేనేజరుకి రంగుల్లో కనపడుతుంది. మా ఫ్లోరులో ఒకతను పదింటికి వచ్చి, కార్డు గీకి, కాఫీ తాగి, పదకొండుకల్లా ఇంటికి పోయి పని మొదలుపెడతాడు. లెక్కల్లో అతను పచ్చగా ఉంటాడు. జ్వరమొచ్చి రెండు రోజులు ఇంటినుంచి పన్నెండేసి గంటలు చేసిన నేను ఆ నెల ఎర్రగా ఉన్నాను.

పోయిన వారం కొత్త మెయిలు వచ్చింది. త్వరలో అయిదు రోజులూ రావలసి ఉంటుంది, కచ్చితమైన తేదీ తర్వాత తెలియజేస్తాం, సిద్ధంగా ఉండగలరు. ఫోన్లో అమ్మకి చెప్పి, ఊళ్ళో ఇంటికి నెట్ కనెక్షను ఇంకా ఎందుకు, తీయించేయమన్నాను. ఆమె నెలనెలా కడుతూనే ఉందట.

“ఉండనీరా. వానాకాలం వస్తోందిగా.”