పది క్వింటాళ్ల వడ్లు, ఒక గ్రాఫిక్స్ కార్డు

2015 జూన్ 11న కరివెనలో పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగినప్పుడు అంచనా వ్యయం 35,200 కోట్లు. మొదటి మోటారు తిరిగింది 2023 సెప్టెంబర్ 16న. అంచనాలు ఎట్లా సవరించాలో, సవరించినవాటిని మళ్లీ ఎట్లా సవరించాలో, ముందు మోటార్లు బిగించి కాలువల సంగతి తర్వాత ఎట్లా చూసుకోవాలో ఈ మధ్యకాలంలో ఒక తరం మొత్తం కళ్లారా చూసి నేర్చుకుంది. ఆ తరం ఇప్పుడు ఇంటర్ పాసై బీటెక్‌లో చేరింది. యాభై వేలల్లో గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకుంటానని నాయిన ముందర నిలబడింది.

ప్రతిపాదనలో 'ఆట' అనే మాట మచ్చుకైనా కనిపించదు. కోడింగ్ ఉంటుంది, ఆటోక్యాడ్ ఉంటుంది, ఏఐ తప్పనిసరిగా ఉంటుంది. సాంకేతిక అనుమతి అమ్మ ఇస్తుంది, పాలనా అనుమతి నాయిన ఇవ్వాలి. జతచేసిన జాబితాలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్ల క్యాబినెట్ ఉంటాయి. కూడితే 49,900. వంద రూపాయల మిగులు బడ్జెట్! మానిటర్ మాత్రం ఉండదు. కీబోర్డు, మౌసు, యూపీఎస్, విండోస్ కూడా ఉండవు. అవి రెండో దశ పనులు. మొదటి దశలో పైసలు మునిగాక రెండో దశకు ఎవరైనా నిధులు విడుదల చేయాల్సిందే, లేకపోతే పెట్టిందంతా మట్టిపాలు. ఈ కిటుకు సచివాలయంలోనే పుట్టి అక్కడే ఉందనుకున్నాం. మన ఇళ్ల దాకా ఎప్పుడు పారిందో ఏమో, సాగునీటి కంటే ముందే వచ్చేసింది.

నాయినకు రూపాయలు తెలియవని కాదు. ఆయన లెక్క వడ్లలో నడుస్తుంది. 2025–26కు కేంద్రం సాధారణ రకం వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఇరవై మూడు వేల చిల్లర పెట్టి గ్రాఫిక్స్ కార్డు కొంటే పది క్వింటాళ్లు పోయినట్టు. సన్నాలు పండిస్తే రాష్ట్రం ఇచ్చే 500 బోనస్ కలుపుకొని ఎనిమిది క్వింటాళ్ల చిల్లరతో గట్టెక్కొచ్చు, ఆ బోనస్ ఖాతాలో పడ్డాక. రైతు భరోసా లెక్కన చూస్తే ఎకరాకు సీజన్‌కు ఆరు వేలు కాబట్టి నాలుగెకరాల పైసలు. నాలుగెకరాల భరోసా తీసుకెళ్లి రెండు ఫ్యాన్లున్న ఒక పెట్టెలో పోయాలన్నమాట. దాని మీద జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టరు మీద 5 శాతమే. ఈ సంగతి పేపర్లో చదివిన నాయినలు, "ట్రాక్టరే కొందాం తీయ్, దాని మీదనే ఆడుకో" అంటున్నారు.

ఆటే కదా అని తీసిపారేయడానికి కూడా లేదు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ–స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం పైసలు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ–స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా తీసి ప్రోత్సహిస్తానంది. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఈ మూడు సంగతులూ పోరగాడికి తేదీలతో సహా కంఠతా వచ్చు. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ మాత్రం ఇంకా బాకీ ఉంది.

అనుమతులయ్యాక వేట మొదలవుతుంది. మన బజార్లో కంప్యూటర్‌ను పేరు చూసి కొంటారు, పుట్టిన ఏడు అడగరు. "ఐ7 సార్, చవక" అంటే చాలు, జేబులో చెయ్యి పడుతుంది. ఆ పెట్టెలో ఉన్నది ఐ7–2600 అయితే అది బజారుకొచ్చింది 2011 జనవరిలో. అప్పటికి కొనే పిల్లగాడు అంగన్‌వాడీలో కోడిగుడ్డు తింటున్నాడు. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 జనవరిలో వచ్చిన ఐ3–12100ఎఫ్‌కూ అవే నాలుగు కోర్లు, అవే ఎనిమిది థ్రెడ్లు. పనిలో మాత్రం ఈ చిన్నోడు ఆ పెద్దమనిషిని ఎప్పుడో దాటిపోయాడు. అయినా ఐ3 అనగానే మూతి ముడుచుకుంటాం. మూడు కంటే ఏడు పెద్దదని ఒకటో తరగతిలో నేర్పిన పంతులుదే తప్పంతా.

పేరు చివర ఉండే 'ఎఫ్' సంగతి ఇంకో కథ. లోపల గ్రాఫిక్స్ లేదని చెప్పే అక్షరం అది. అందుకే ధర తక్కువ. "కార్డు సంక్రాంతికి కొంటా, ముందు ప్రాసెసర్ తెస్తా" అని ఎఫ్ తెచ్చుకున్నవాడు సంక్రాంతి దాకా నల్లటి మానిటర్‌కు అగరుబత్తి వెలిగించాల్సిందే. కార్డు ఇప్పుడు కొనలేనివాడికి రైజెన్ 5 5600జీ లాంటివి ఉన్నాయి. 2021లో వచ్చిన ఆ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటుంది. వాలరెంట్ లాంటి ఆటలు సుబ్బరంగా నడుస్తాయి, పైసలు కూడినప్పుడు కార్డు తగిలించుకోవచ్చు. తెలివైన బేరమే. కాకపోతే దోస్తులకు వాట్సాప్‌లో పెట్టడానికి కార్డు ఫొటో ఉండదు. ఆ ఒక్క లోటుతోనే చాలామంది దాన్ని పక్కన పెడుతున్నారు.

ఆర్టీఎక్స్ 3050 అని ఒక కార్డుంది. 2022 జనవరిలో 8 జీబీతో వచ్చినప్పుడు అందులో 2,560 కోర్లు, మెమరీ దారి 128 బిట్లు. 2024 ఫిబ్రవరిలో అదే పేరుతో 6 జీబీది వచ్చింది. కోర్లు 2,304కు దిగాయి, దారి 96 బిట్లకు కుదించుకుపోయింది. పేరు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. మెమరీ రెండు జీబీలే తక్కువ కదా అనుకుని కొన్నవాడికి మిగతా కోతలు విడిగా ఎవరూ చెప్పరు. న్యాయంగా చెప్పాలంటే ఈ చిన్నదానికి కరెంటు తక్కువ చాలు, వేరే కేబుల్ అక్కర్లేదు, పాత పెట్టెల్లోనూ ఇముడుతుంది. ఆ గుణాన్ని మెచ్చుకొని కొంటే మంచిదే. పాత పేరు చూసి కొంటేనే చిక్కు.

ర్యామ్ గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, మాటకు కూడా రేటు పెరిగేట్టుంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను గంపగుత్తగా ఎత్తుకుపోతుంటే 2025 చివర్లో ర్యామ్ ధరలు చుక్కలనంటాయి. ఆ డిసెంబర్‌లోనే మైక్రాన్ కంపెనీ, మనలాంటి చిల్లర కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటానని ప్రకటించింది. అమెరికాలో ఎవరో చాట్‌బాట్‌ను సొట్ట ప్రశ్న అడిగితే దేవరకొండలో ఒక పోరగాడి జాబితాలో ర్యామ్ పదహారు నుంచి ఎనిమిదికి పడిపోతుంది. ప్రతిపాదనలో ఏఐ కావాలని రాసింది వీడే కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు లేదు. అంత కరువులోనూ ఒక నియమం మరవొద్దు: కొనేది పదహారు జీబీలైతే ఒక కడ్డీగా కాకుండా ఎనిమిదెనిమిది రెండు కడ్డీలుగా బిగిస్తే మెమరీకి రెండు దారులు దొరుకుతాయి. లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌కైతే ఈ తేడా ఆటలో కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పార్టు దగ్గరకొద్దాం. అది ఎవరి జాబితాలోనూ పైన ఉండదు. మా బావది కట్టంగూరు దిక్కు. మౌసు పట్టుకున్న మనిషి కాదు. మా మేనల్లుడు తెచ్చిన సామానంతా మంచం మీద పరిచి, ఒక్కో డబ్బా విప్పి చూపిస్తున్నాడు. నాలుగు జీబీల పాత జీటీ 730 కార్డు ఒకటి దోస్తు దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుందని మధ్యలో చెప్పాడు. బావ తల కూడా ఎత్తలేదు. "ట్యాంకు పెద్దదేరా, బోరు అరించు పోస్తే నింపేదెప్పుడు?" అన్నాడు. 2014లో వచ్చిన జీటీ 730 మీద ఇంతకంటే క్లుప్తమైన సమీక్ష నేను చదవలేదు.

తర్వాత ఒక ఇనుప డబ్బా చేతిలోకి తీసుకొని బరువు చూశాడు.

"ఇది దేనికిరా?"

"కరెంటు ఇచ్చేది నాయినా. ఎస్ఎంపీఎస్. 450 వాట్లు. క్యాబినెట్ కొంటే ఫ్రీగ ఇచ్చిండు."

"ఫ్రీగ ఇచ్చిండా? గందుకే దూది లెక్క ఉన్నది. అద్దాలు తే."

కళ్లద్దాలు పెట్టుకొని పక్కనున్న స్టిక్కర్ మీద వేలు పెట్టాడు.

"లోపట ఎక్కువ కరెంటు తాగేది ఏ వోల్టుల మీద?"

"పన్నెండు వోల్టులు. ప్రాసెసర్, కార్డు రెండూ దాని మీదనే."

"పన్నెండు కాడ పద్దెనిమిది ఆంపియర్లు అని రాసిండు. పన్నెండు పద్దెనిమిదులు రెండొందల పదహారు. నాలుగొందల యాభైల తక్కినయి యాడ పోయినయ్ రా?"

మేనల్లుడు నా దిక్కు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ దిక్కు చూశాను. ప్రాసెసర్, కార్డుల వరకు తక్కిన 234 వాట్లు అట్టపెట్టె మీదే ఉన్నాయి, వాటి దాకా రావు. వాడు ముచ్చటపడ్డ ఆర్ఎక్స్ 6600 కార్డు ఒక్కటే 132 వాట్లు తాగుతుంది. ప్రాసెసర్‌కు 65 వేసుకుంటే రెండొందల అంచుకు వచ్చేశాం. ఫ్యాన్లు, డిస్కు, ఆట మధ్యలో ఒక్కసారిగా ఎగిసే లోడు ఇంకా లెక్కలోకి రానేలేదు.

"కాపర్ వైండింగ్ అని చెప్పి అల్యూమినియం చుట్టిచ్చినోళ్లను చూసినం. పేరుకు ఐదు హెచ్‌పీ. బోర్ల దించినంక తెలుస్తది దాని బతుకు. స్టార్టర్ కాడ కక్కుర్తిపడి మోటారు కాల్చుకున్నోడు మనూళ్లె ఇంటికొకడున్నడు. నువ్వు పది క్వింటాళ్ల మోటారు తెచ్చి ఫ్రీ స్టార్టర్‌కు కడ్తవా?"

పవర్ సప్లైల మీద నేను చూసిన సలహాలన్నీ ఈ నాలుగు ముక్కల్లో ఇమిడిపోయాయి. డబ్బా మీద '80 ప్లస్' ముద్ర ఉంటే, ఇరవై, యాభై, నూరు శాతం లోడుల దగ్గర కనీసం 80 శాతం సామర్థ్యం చూపిందని అర్థం. నూరు శాతం లోడు మీద పరీక్షకు నిలబడిందంటే రాసిన వాట్లు నిజంగానే ఉన్నాయన్న భరోసా కొంత దొరుకుతుంది. అటువంటిదానికి ఇంకో రెండు మూడు వేలు అవుతాయి. ఆ రెండు మూడు వేలను మన పిల్లలు వెలిగే ఫ్యాన్ల మీద పెడుతున్నారు. ఎస్ఎంపీఎస్‌కు లైట్లుండవు, పెట్టెలో అడుగున మూల కూర్చుంటుంది, రీల్‌లో కనపడదు. కనపడనిదానికి పైసలు పెట్టే అలవాటు మనకెక్కడిది? ఊళ్లో మోరీ కట్టించిన సర్పంచ్‌ను ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? కమాను కట్టించినవాడిదే పేరు.

బావ అక్కడితో ఆగలేదు. "ఎర్తింగ్ గుంతల బొగ్గు, ఉప్పు పోసి ఎన్నేండ్లైంది? ఎండకాలం అండ్ల నీళ్లన్న పోస్తున్నరా?" అని ఇంట్లోవాళ్లందరికీ కలిపి ఒక ప్రశ్న వేశాడు. ఎవరూ పలకలేదు. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఇస్తున్నామని ప్రభుత్వాలు చెప్పుకొచ్చాయి. ఇస్తే సంతోషమే. కానీ ఊళ్లో బోర్లన్నీ ఒకేసారి ఎత్తుకున్నప్పుడు ఇంట్లో ట్యూబ్‌లైటు ఎట్లా కళ్లు మూసి తెరుస్తుందో కంప్యూటర్ సమీక్షలు చేసే మహానగరం అబ్బాయికి తెలియదు. అతని జాబితాలో అందుకే యూపీఎస్ ఉండదు.

ఆ అబ్బాయికి తెలియనిది ఇంకొకటుంది, మన ఎండ. అతను పాతిక డిగ్రీల ఏసీ గదిలో కార్డు నడిపి, వేడి డెబ్భై దాటలేదని మెచ్చుకుంటాడు. నల్లగొండలో, పాలమూరులో మే నెల మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు మామూలు సంగతి. రేకుల ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. కార్డు వేడి దాని చుట్టూ ఉన్న గాలి వేడి మీద ఎక్కి కూర్చుంటుంది. గాలి పద్దెనిమిది డిగ్రీలు పెరిగితే కార్డూ దాదాపు అంతే పెరిగి ఎనభై ఎనిమిది దగ్గర తేలుతుంది. ఆ తర్వాత తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే పది క్వింటాళ్లు పోసి కొన్న కార్డు మధ్యాహ్నంపూట పది క్వింటాళ్ల పని చేయదు. దీనికి తోడు ముందర అద్దం బిగించిన క్యాబినెట్. లోపల ఏడు రంగులు తిరుగుతుంటాయి, గాలి మాత్రం తిరగదు. జాలీ ముఖమున్న క్యాబినెట్ అదే ధరకు దొరుకుతుంది. దుమ్ము పడుతుందని దాన్ని వద్దంటారు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు పక్క ఇంట్లో ఉండేవాడికి అద్దం పెట్టినా దుమ్ము పడుతుంది. నెలకోసారి బ్రష్షుతో దులపడమే మందు.

ఇన్ని తెలిశాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే సీటీసీకి, బస్సెక్కుతారు. నల్లగొండ వాళ్లు ఎల్బీనగర్‌లో, పాలమూరు వాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో పట్టుకుంటారు. ఒక్కడు కొంటే నలుగురు దోస్తులు వెంట వస్తారు. ఒకడు రేటు అడుగుతాడు, ఒకడు ఫోన్లో ఆన్‌లైన్ ధర చూపిస్తాడు, ఒకడు 'బాటిల్‌నెక్' అన్న మాట ప్రతి షాపులో ఒకసారి వాడతాడు, నాలుగోవాడు ప్యారడైజ్ బిర్యానీ కోసం వచ్చాడు. షాపతను నలుగురినీ చూసి, ఎవడి మాటకు తూకం ఎక్కువో అర నిమిషంలో పట్టేసి, వాడికే ఒక లైట్ల ఫ్యాను చూపిస్తాడు. ఎస్ఎంపీఎస్ పైసలు అక్కడే కరిగిపోతాయి. బిల్లు మీద జీఎస్టీ నంబరు, పార్టుల సీరియల్ నంబర్లు ఉన్నాయా అని ఎవరూ చూడరు. వారంటీ కావాల్సినప్పుడు చూసుకుంటారు, అప్పుడు ఉండవు.

కాబట్టి కొత్తగా పీసీ కట్టుకోబోయే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల యువకులకు ఒక సవినయ మనవి. ఈసారి సీటీసీకి దోస్తులను నలుగురిని వెంటేసుకొని పోవద్దు. జీవితంలో మూడు మోటార్లు కాల్చుకొని, ఆరుసార్లు రీవైండింగ్ చేయించి, స్టిక్కర్ చదవడం నేర్చుకున్న నాయినను ఒక్కడిని తీసుకొని పోండి. ఎఫ్‌పీఎస్ అంటే ఆయనకు తెలియదు, ఆంపియర్ అంటే తెలుసు. బిర్యానీ అడగడు, ఒక చాయ్ చాలు. పైగా పైసలు ఎట్లాగూ ఆయన జేబులోనే ఉన్నాయి.