అల్పాయుష్షు రాజుల అభిమాని

లండన్‌లో ఈయన బాపతు మనుషులు చాలామందే ఉన్నారు. కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉంటుంది, బూట్లు చెప్పులు కుట్టేవాడికి బాగా పరిచయం. జేబులో మాత్రం ఓ భూతద్దం, దాని పక్కనే మెత్తటి గుడ్డలో చుట్టిన ఓ చక్రవర్తి. యూరప్ రాజుల నాటి బంగారు నాణేలు పోగుచేయడం ఈయన వ్యసనం. ఆ మాటంటే ఒప్పుకోడు, చరిత్ర అంటాడు.

ఆ చరిత్ర లెక్కే వేరు. చాలాకాలం చల్లగా ఏలి, బుద్ధిగా కొడుక్కి గద్దె అప్పగించిపోయిన వాళ్లంటే ఈయనకు చిన్నచూపు. విక్టోరియా రాణి పేరెత్తితే పెదవి విరుస్తాడు. "63 ఏళ్లు ఏలిందండీ! ఎక్కడ చూసినా ఆవిడ సావరిన్లే. ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ తూగే 22 కారట్ల బంగారం. అంతకుమించి ఏముందని?"

రాజంటే ఎనిమిదో ఎడ్వర్డ్! 1936లో గద్దెనెక్కి, ఏడాది తిరక్కుండానే మనసిచ్చిన ఆవిడ కోసం దిగిపోయాడు. ఆయన బొమ్మతో నమూనా నాణేలు కొన్ని కొట్టారు గానీ చలామణీకి వదల్లేదు. వాటిలో ఒక సావరిన్ 2020లో పది లక్షల పౌండ్లు పలికింది. అంతకుముందు రాజు నాణెం మీద ఎటు చూస్తే కొత్త రాజు దానికి ఎదురువైపు చూడాలని బ్రిటన్‌లో ఆనవాయితీ. ఎడ్వర్డ్ వినలేదు, పాపిట ఉన్న ఎడమవైపే కనపడాలన్నాడు. "రాజ్యం అక్కర్లేదుట, పాపిట కావాలిట! అదీ రాజసం!" అని ఈయన మురిసిపోతాడు.

ఎంత తక్కువకాలం ఏలితే నాణెం అంత అరుదనే ఈయన సిద్ధాంతానికి ఎదురుదెబ్బ తీసినవాడు జర్మనీ చక్రవర్తి మూడో ఫ్రెడరిక్. 1888లో పాపం 99 రోజులే ఏలాడు. అరుదైనవాడే అయ్యుండాలని ఈయన ఆశగా ఆరా తీస్తే, ఆయన బొమ్మతో ఇరవై మార్కుల నాణేలు లక్షలకొద్దీ కొట్టేశారని తేలింది. "మూడు నెలల భాగ్యానికి ఇన్నా? దుబారా మనిషి!" అని ఇప్పటికీ సణుగుతుంటాడు.

ఓసారి పక్కింటావిడ ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ బొమ్మ ఉన్న డ్యూకట్ అనే బంగారు నాణెం తెచ్చి, 1915 నాటిది, తాతగారి ఆస్తి అంది. భూతద్దం కంటికి ఆనించి, "తాతగారు పోయాక కొట్టింది కూడా కావచ్చు" అన్నాడు. నిజమే మరి. చక్రవర్తి 1916లోనే కన్నుమూసినా, వియన్నా టంకశాల ఈనాటికీ అదే 1915 తేదీ వేసి ఆ డ్యూకట్లు కొడుతూనే ఉంది. నిజం చెప్పినందుకు పక్కింటావిడ ఏడాదిపాటు మాట్లాడలేదు. ఈయన గమనించినట్టు లేదు.

నాణేన్ని అంచు పట్టుకునే తియ్యాలి. దాని మీద ఊపిరి వదలకూడదు, తుడవకూడదు. తోమామా, విలువ సగానికి సగం పోయినట్టే. ఇదంతా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో. అయినా మొన్న ఆయన ఊరికెళ్లినప్పుడు, ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ బొమ్మతో 1786లో కొట్టిన 'లూయీ' బంగారు నాణెం మసకబారిందని ఇల్లాలు పళ్లపొడి పెట్టి నిగనిగలాడేలా తోమి పెట్టింది.

"రాజుగారిని చంపేశావు!" అంటూ ఈయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఆయన తల 1793లోనే తీసేశారుగా," అందావిడ, "నేను మొహం కడిగానంతే."