కరెంటు డాక్టరు

గుమ్మఘట్ట పల్లెల్లో ఇద్దరిని ‘ఎప్పుడయితాదప్పా?’ అని అడక్కూడదు. జీడిపల్లి రిజర్వాయరు నుంచి భైరవానితిప్ప ప్రాజెక్టుకు కృష్ణ నీళ్లు తెస్తామన్నవాళ్లను ఒకటి, రీసెర్చి స్కాలరును రెండు.

మనవాడు ఎలక్ట్రికల్ పీహెచ్‌డీ. ఫెలోషిప్ వచ్చిన అదృష్టవంతుడికి 2023 నుంచి నెలకు 37,000. రానివాడికి ప్రైవేటు కాలేజీలో పాఠాలు, పరీక్ష డ్యూటీలు, మిగిలిన అర్ధరాత్రి రీసెర్చి. మనవాడు రెండో జాతి. టాపిక్ ఏమిటంటే ‘ఇండక్షన్ మోటారుకు సెన్సార్‌లెస్ వెక్టర్ కంట్రోల్’ అంటాడు. అడిగినవాడికి అప్పుడే ఏదో పని గుర్తొస్తుంది.

పెళ్లిసంబంధాల భారం అమ్మది.

“అబ్బాయి ఏం చేస్తాడు?”

“డాక్టరు.”

“ఏ జబ్బులకు?”

“కరెంటుకు.”

ఆలస్యం మాటెత్తితే చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డిని అడ్డం పెట్టుకుంటాడు. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ ముగించింది 1966లో, ట్యూరింగ్ అవార్డు అందుకున్నది 1994లో. ‘మధ్యలో ఇరవై ఎనిమిదేళ్లు!’ అని మనవాడి ధీమా. ఆయన పీహెచ్‌డీ ముందే అయిపోయిందన్న సంగతి ఈ లెక్కలో రాదు.

ల్యాప్‌టాప్‌లో మాత్రం వాడి మోటారు బంగారం. మ్యాట్‌ల్యాబ్‌లో మూడు ఫేజులూ నూటఇరవై డిగ్రీల తేడాతో, ఒక్క వోల్టు తగ్గకుండా, ఇరవైనాలుగు గంటలూ వస్తాయి. అట్లాంటి కరెంటు ఆ మండలంలో ఏ రైతూ కలలో కూడా చూసి ఉండడు.

ఉగాదికి ఊరొచ్చినప్పుడు చిన్నాయన బోరు కాడికి లాక్కుపోయినాడు.

“మోటరు గుయ్యిమంటాది గానీ తిరగల్యా. సూడప్పా.”

మనవాడి మొహం వెలిగింది. “ఒక ఫేజు పోయింది చిన్నాయనా. సింగిల్ ఫేజింగు! ఇట్లే ఉంచితే వైండింగు కాలిపోతుంది. నెగటివ్ సీక్వెన్స్ కరెంటు...”

“పండగ పూట నెగటివ్ మాటలొద్దు. పీజు ఎయ్యి.”

రోగం సరిగ్గానే పట్టినాడు, ఆ మాట ఒప్పుకోవాల. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కు పది అడుగుల దూరంలో, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడిపోయినాడు. పదో తరగతి తప్పిన ఎలక్ట్రీషియన్ వచ్చి, స్విచ్ దించి, పీజుతీగ చుట్టి, మళ్లీ ఎక్కించినాడు. బోరు నీళ్లు కక్కింది. మనవాడు కాలిన తీగను ఫోనులో నాలుగు కోణాల్లో ఫొటో తీసుకున్నాడు. థీసిస్ మొదటి చాప్టరుకట.

“చిన్నాయనా, ఇంకొక్కసారి ఒక ఫేజు తీసేసి నడిపిస్తే రీడింగులు తీసుకుంటా.”

“నీ పుస్తకానికి నా మోటరు కాల్చమంటావా? దాని అప్పు ఎవరు కట్టల్ల, మీ గైడా?”