గిన్నె చూడకుండా పొయ్యి కొన్నవాడు

మా డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీకీ మంచినీళ్ళ సీసాకీ మధ్య, అరచేయంత నల్లటి బిళ్ళ ఒకటి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు దాని మీద కాఫీ గ్లాసు పెట్టబోతారు. నేను గుండె జారినంత పనై, చెయ్యి అడ్డం పెడతాను. ‘‘అది వైర్‌లెస్ చార్జరండీ’’ అంటాను. ‘‘ఓహో! అయితే మీ ఫోన్ దానిమీద అలా పెడితే చాలా?’’ అని అడుగుతారు. అక్కడ నేను మాట మారుస్తాను. కాఫీలో పంచదార సరిపోయిందా అంటాను. ఏడాదిగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఇవాళ మా ఆవిడ ఊళ్ళో లేదు కనక నిజం చెప్పేస్తున్నాను. ఉంటే ఈ కథ తనే చెప్పేది, నాకంటే రసవత్తరంగా.

మొదటి తప్పు మా బావమరిదిది. డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక సంచీలోంచి ఒక గుండ్రటి బిళ్ళ తీసి దాని వైరు గోడ ప్లగ్గుకి తగిలించాడు. బిళ్ళ మీద ఫోన్‌ని, నిద్రపోయిన పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు, పడుకోబెట్టాడు. అంతే, చార్జింగ్. నేను అదే గదిలో నా ఫోన్‌కి చార్జింగ్ పెట్టుకుంటున్నాను. అదొక తతంగం. నా చార్జర్ వైరు మెడ దగ్గర ఇన్సులేషన్ టేప్ చుట్టి ఉంటుంది. దాన్ని ఎడమవైపుకి వంచి, వంచినచోట కదలకుండా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు బరువు పెట్టాలి. పొరపాటున ఎవరైనా ఏదైనా పదానికి అర్థం వెతుక్కుంటే చార్జింగ్ పోతుంది. వాడు నా ఏర్పాటు వంక చూసి, ‘‘బావా, పుస్తకాలు బాగా వాడుతున్నారే’’ అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది.

పండగ వెళ్ళిన వారానికే ఆన్‌లైన్‌లో తగ్గింపు అమ్మకాలు వచ్చాయి. పదిహేను వాట్ల వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్, సగం ధర. కొనేశాను.

ఇక్కడ నా గురించి ఒక ముక్క చెప్పాలి. చెప్పకుండా దాచేద్దామనే అనుకున్నాను కానీ, అది లేకపోతే నా అవమానం పూర్తిగా తెలియదు. నేను ఇంటర్ పిల్లలకి ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. విద్యుదయస్కాంత ప్రేరణ నాకు ఇష్టమైన పాఠం. ప్యాడ్ ఇంకా దారిలో ఉండగానే ఇంట్లో క్లాసు మొదలెట్టాను. 1831లో మైకేల్ ఫారడే ఒక ఇనప కడియానికి రెండువైపులా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒక చుట్టలో కరెంటు పెట్టినప్పుడూ తీసినప్పుడూ, దానికి తగలని రెండో చుట్టలో సూది కదిలింది. ఈ ప్యాడ్‌లోనూ అంతే. కింద ఒక చుట్ట, ఫోన్ వీపులో ఇంకో చుట్ట. కింది చుట్టలో కరెంటు సెకనుకి లక్షసార్లకు పైగా ఇటూ అటూ ఊగుతుంది, దాని చుట్టూ అయస్కాంత క్షేత్రమూ అలాగే ఊగుతుంది, పైచుట్టలో కరెంటు పుడుతుంది, బ్యాటరీ నిండుతుంది. మా అత్తగారికి అర్థం కావడం కోసం డబ్బాలోంచి రెండు జంతికలు తీసి, ఒకదాని మీద ఒకటి ఎడంగా పట్టుకుని మరీ చూపించాను. ఆవిడ చివరిదాకా శ్రద్ధగా విని, ‘‘బాగుంది బాబూ’’ అని, ఫోన్ వైపు జంతిక అందుకుని తినేశారు. తర్వాత జరిగినదంతా ఆ జంతికలోనే ఉంది. నేను గుర్తుపట్టలేదు.

ప్యాడ్ వచ్చింది. పెట్టెలో ప్యాడ్ ఉంది, మూరెడు వైరు ఉంది, గోడకి పెట్టే అడాప్టర్ లేదు. పరవాలేదు, మా ఇంట్లో పాత అడాప్టర్లకి ఒక సొరుగే ఉంది. చచ్చిపోయిన ప్రతి ఫోన్ తాలూకు అడాప్టరూ అందులో భద్రం. ఒకటి తీసి పెట్టాను. ప్యాడ్ అంచున నీలం లైటు వెలిగింది. కుటుంబ సభ్యులందరినీ పిలిచాను. ఫోన్ పెట్టాను. లైటు మూడుసార్లు మెరిసి ఆరిపోయింది. ఫోన్‌లో చలనం లేదు.

‘‘సరిగ్గా మధ్యలో పెట్టాలి’’ అన్నాను. అది నిజమే. రెండు చుట్టలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే కరెంటు చాలావరకు దారి తప్పుతుంది. అంగుళం పైకి, అంగుళం కిందికి, ప్లాంచెట్ మీద గ్లాసు జరిపినట్టు జరిపాను. అడ్డంగా పెట్టాను. తూర్పు ముఖంగా కూడా పెట్టానని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, పెట్టాను. తర్వాత పౌచ్ మీద అనుమానం వచ్చింది. మూడు మిల్లీమీటర్ల మందం దాటితే కష్టమే మరి. పౌచ్ ఊడదీశాను. అందులోంచి మడిచిన ఐదొందల నోటు, అరిగిపోయిన ఏటీఎం కార్డు, కారులో అయస్కాంతపు స్టాండుకి అతుక్కోవడానికి పెట్టుకున్న ఇనప రేకు, మా అత్తగారిచ్చిన రాగి యంత్రం రాలాయి. నా ఫోన్ వీపు మీద ఒక చిన్న సంసారమే నడుస్తోందని అప్పుడే తెలిసింది. మా ఆవిడ ఐదొందల నోటు తీసుకుంది. నేను ఇనప రేకుని పట్టుకుని జయధ్వానం చేశాను. మధ్యలో లోహం ఉంటే ఆ క్షేత్రం ఫోన్‌కి చేరకుండా లోహాన్నే వేడెక్కిస్తుంది. అందుకే మంచి ప్యాడ్లు నాణెమో తాళంచెవో కనిపెట్టి ఆగిపోతాయి. ‘‘దొరికింది దొంగ!’’ అని ఒట్టి ఫోన్ పెట్టాను.

మూడు మెరుపులు. చీకటి.

అప్పుడు అడాప్టర్ మీద పడ్డాను. చూస్తే దాని మీద ఐదు వోల్టులు, ఒక ఆంపియర్ అని ఉంది. గుణిస్తే ఐదు వాట్లు. పదిహేను వాట్లు ఇస్తానన్న ప్యాడ్‌కి నేను పోసేది ఐదు! ఇలాంటి ప్యాడ్లకి చాలావాటికి తొమ్మిది వోల్టులు ఇవ్వగల ఫాస్ట్ చార్జింగ్ అడాప్టర్ కావాలి. లేకపోతే కుంటుతూ నడుస్తాయి, లేదా మొరాయిస్తాయి. ఈ ఒక్క సంగతీ నేను ఎవరికైనా గర్వంగా చెప్పగలను, డబ్బు పెట్టి నేర్చుకున్నాను కాబట్టి. వైర్‌లెస్‌లో ఎన్ని వాట్లు అందుతాయన్నది పెట్టె మీద అంకె చెప్పదు. అడాప్టర్, ప్యాడ్, ఫోన్, ఈ మూడింట్లో ఎవరిది తక్కువో వాళ్ళదే చెల్లుతుంది. అలిపిరి మెట్ల మీద మా కుటుంబం కొండెక్కినట్టన్నమాట. మా అమ్మాయి పరిగెత్తగలదు, నేను నడవగలను. కానీ గుంపు వేగం అత్తగారి మోకాళ్ళ వేగమే. ఉదాహరణకి, ఫోన్‌ని మధ్యలో పట్టి ఉంచే అయస్కాంతాల కుదురు లేని పదిహేను వాట్ల ప్యాడ్ మీద ఐఫోన్‌ని పెడితే, చాలా మోడళ్ళు ఏడున్నర వాట్ల దగ్గరే ఆగిపోతాయి. గవర్నర్‌పేటలో ఒక కొట్టుకి వెళ్ళి, ఇరవై వాట్ల అడాప్టర్, దానికి తగిన వైరు కొన్నాను. ప్యాడ్ ధర దాటింది. ఇంటికొచ్చి పెట్టాను.

మూడు మెరుపులే. కాకపోతే ఈసారి ఇంకాస్త కాంతిమంతంగా.

ప్యాడ్‌లోనే లోపం ఉందని ఫిర్యాదు పెట్టాను. పాపం, మారుమాట లేకుండా ఇంకోటి పంపారు. అదీ మెరిసింది. రెండోదాన్నీ తిట్టడానికి మాటలు వెతుకుతుంటే, వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

‘‘ఏవండీ, ఇది మన కరెంటు పొయ్యిలాంటిదేనా?’’

‘‘సరిగ్గా అదే సూత్రం’’ అన్నాను. ప్రశ్న అడిగిన పిల్లని మెచ్చుకున్నట్టు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2012లో సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అని ప్రభుత్వం పరిమితి పెట్టినప్పుడు అందరిలాగే మేమూ ఇండక్షన్ పొయ్యికి బయల్దేరాం. నేను వాట్లూ, బటన్లూ, రంగూ చూస్తున్నాను. మా ఆవిడ మాత్రం ఇంటి నుంచే ఫ్రిజ్ మీది అయస్కాంతపు బొమ్మ, అదీ మామిడిపండు ఆకారంలో ఉన్నది, చీర కొంగున కట్టుకొచ్చింది. బయల్దేరేముందే ఇంట్లో ప్రతి గిన్నె అడుగునా దాన్ని అంటించి చూసిందట. అల్యూమినియం డేకిసాలకి అంటుకోలేదు, ఇత్తడి గిన్నెకి అంటుకోలేదు, పెళ్ళినాటి స్టీలు గిన్నెల్లో కొన్నిటికి కూడా అంటుకోలేదు. అంటుకోనివి ఆ పొయ్యి మీద పనిచేయవని పక్కింటావిడ చెప్పిందట. కొట్లో కూడా పెనం, కుక్కరు అన్నిటికీ ఆ మామిడిపండు అంటించి చూస్తుంటే, నాకు తల కొట్టేసినంత పనై, ‘‘షాపువాళ్ళు నవ్వుతారే’’ అన్నాను. ఆ కథ నేను చాలా పెళ్ళిళ్ళలో హాస్యంగా చెప్పాను కూడా.

‘‘అయితే’’ అంది మా ఆవిడ, ఇంకో చిక్కుడుకాయ అందుకుంటూ, ‘‘పొయ్యి కొన్నారు సరే. మీ ఫోన్ దానికి పనికొచ్చే గిన్నేనా? చూశారా?’’

చూడలేదు.

ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద రెండు చుట్టలు గీసినవాణ్ణి. నా ఫోన్‌లో రెండో చుట్ట ఉందో లేదో చూడలేదు. ఫోన్ తాలూకు పెట్టె అటక మీంచి దింపి, చీమతలకాయలంత అక్షరాల కాగితం కళ్ళద్దాలు మార్చి మార్చి చదివాను. కెమెరాల గురించి పేరాలు పేరాలు ఉన్నాయి. వైర్‌లెస్ చార్జింగ్ మాటే లేదు. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేస్తే, కంపెనీ సైటులో మోడల్ పేరు కొట్టి, అర నిమిషంలో ‘‘లేదు నాన్నా’’ అంది. తర్వాత నిమిషంన్నర నవ్వింది.

నా వాదన నాకుంది. ఫోన్ వీపు అద్దంలా మెరుస్తుంది. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న ఫోన్లకి అద్దపు వీపో ప్లాస్టిక్ వీపో ఉంటుంది నిజమే, నిండు లోహపు వీపైతే క్షేత్రాన్ని రానివ్వదు. కానీ అద్దపు వీపున్న ప్రతి ఫోన్‌లోనూ చుట్ట ఉండాలని ఎక్కడుంది? తలుపుకి గంట బిగించినంత మాత్రాన ఇంట్లో మనుషులున్నట్టా? పైగా ఫోన్‌లో, దగ్గరకి తెచ్చిన పరికరాలతో మాట్లాడే ఎన్‌ఎఫ్‌సీ ఉంది. దానికీ ఒక చిన్న చుట్ట ఉంటుంది కదా, అదే ఇదీ అనుకున్నాను. అది 13.56 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మాట్లాడుకోవడానికి, ఇది దానికి దాదాపు వందో వంతు వేగంలో అన్నం పెట్టడానికి. పలకరింపుకొచ్చినవాళ్ళని భోజనం తెచ్చారనుకున్నాను. పోనీ ఇదేమన్నా నిన్నటి విద్యా అంటే అదీ కాదు. నోకియా లూమియా 920లో 2012 నాటికే ఉంది. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్6కి 2015లో వచ్చింది, ఐఫోన్ 8కీ, టెన్‌కీ 2017లో. మనలాంటివాళ్ళు కొనే మధ్యరకం ఫోన్లలో మాత్రం ఇప్పటికీ అరుదు. ఖర్చు తగ్గించాలంటే ముందు తీసేసేది ఆ చుట్టనే.

ఇంతకీ ఆ మూడు మెరుపుల అర్థం కూడా అప్పుడే తెలిసింది. ఈ పద్ధతికి ఒక ప్రమాణం ఉంది. 2008లో ఏర్పడ్డ వైర్‌లెస్ పవర్ కన్సార్టియం తయారుచేసింది. దాని పేరు ఇంగ్లీషులో క్యూ, ఐ అనే రెండక్షరాలు. కానీ పలకడం మాత్రం ‘చీ’ అనాలి. చైనా భాషలో ప్రాణశక్తి అని అర్థం. ప్యాడ్ కాసేపటికోసారి చిన్న తరంగం పంపి, పైన ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. చుట్ట ఉన్న ఫోన్ అయితే, ఉన్నాను, ఇంత కావాలి అని బదులిస్తుంది. బదులొస్తేనే వడ్డన. నా ఫోన్ ఏం బదులిస్తుంది? ఈ ప్రమాణం పేరు మా ఆవిడకి వివరించాను. ‘‘ఆ మాటే కదండీ అది మూడుసార్లు అంటోంది’’ అంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆన్‌లైన్‌లో రిసీవర్ స్టిక్కర్ అని ఒకటి కనపడింది. రేకంత పల్చటి చుట్ట, దానికి ఒక తోక. తోకని ఫోన్ చార్జింగ్ రంధ్రంలో దూర్చి, చుట్టని వీపుకి అంటించి, పైన పౌచ్ తొడగాలి. కొన్నాను. పనిచేసింది! పనిచేసిందంటే, రాత్రి పదింటికి పెడితే తెల్లవారి పాలపాకెట్టు వచ్చేవేళకి నిండింది. ఫోన్ మాత్రం దోసె పోసేందుకు సిద్ధంగా ఉంది. వైరులో కంటే ఇందులో ఎక్కువ శక్తి వేడిగా పోతుంది, ఆ వేడి బ్యాటరీ ఆయుష్షుకి మంచిది కాదు. ఇది నా పాత నోట్సులోనే ఉంటుంది. పైగా రంధ్రంలో తోక ఉంది గనక, తొందరపడి వైరు పెట్టాలంటే పౌచ్ విప్పి తోక పీకాలి. పదోరోజున తోక తెగింది. నిఘంటువు మళ్ళీ విధుల్లో చేరింది.

ఆ దిగులులో ఒక సంగతి చదివి కొంత తేరుకున్నాను. ఆపిల్ వాళ్ళు ఎక్కడ పెట్టినా, మూడు వస్తువులైనా ఒకేసారి చార్జ్ చేసే ఎయిర్‌పవర్ అనే పరుపు తెస్తామని 2017 సెప్టెంబరులో ఆర్భాటంగా ప్రకటించి, 2019 మార్చిలో, మా ప్రమాణాలకి అందడం లేదంటూ మానుకున్నారట. కాగితం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. ‘‘చూశావా, వాళ్ళంతటివాళ్ళే!’’ అన్నాను. ‘‘వాళ్ళు అమ్మకముందు మానేశారు’’ అంది మా ఆవిడ.

పోయిన శ్రావణంలో మా అమ్మాయి వాళ్ళమ్మకి కొత్త ఫోన్ కొంటానంది. మా ఆవిడ కెమెరా అడగలేదు, రంగు అడగలేదు. ‘‘మీ నాన్న బిళ్ళ మీద కూర్చునేదేనా చూసి కొనవే, డబ్బు పోసి తెచ్చారు, ఊరికే పడుంది’’ అంది. వచ్చిన ఫోన్ క్యూఐ2 రకం. 2023లో వచ్చిన పద్ధతి, లోపల అయస్కాంతాల కుదురు ఉంటుంది, దానికి తగిన ప్యాడ్ అయితే మధ్యకి తనే వచ్చి అతుక్కుంటుంది. నా పాత ప్యాడ్‌లో అయస్కాంతాలు లేవు, కాబట్టి మా ఆవిడే చూసి మధ్యలో పెడుతుంది. మొదటిసారే నీలం లైటు నిలకడగా వెలిగింది. నా ప్యాడ్ మీద, నా ఇరవై వాట్ల అడాప్టర్‌తో, ప్రతి రాత్రీ ఆ ఫోన్ హాయిగా పడుకుంటుంది. పక్కనే నేను టేపు చుట్టిన వైరు ఎడమవైపుకి వంచి, పుస్తకం బరువు సరిచూసుకుంటాను.

నిన్న పొద్దున్న తను పుట్టింటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, ‘‘ఈ నాలుగురోజులూ బిళ్ళ ఖాళీయే. కాఫీ గ్లాసు పెట్టుకోండి’’ అంది.

ఇది రాస్తూ ఇందాకే పెట్టాను. స్టీలు గ్లాసు. లైటు మూడుసార్లు మెరిసి ఆరిపోయింది. నా ఫోన్‌కీ దీనికీ అది ఏ తేడా చూపించలేదు.