యాభై అయిదు సెకన్లు

నా ముఖాన ఒక మేకు ఉంటుంది. అంగుళమున్నర పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు మేకు. ప్లయరుతో దాన్ని లాగితే సన్నని నల్లటి ధార గ్లాసులోకి చిమ్ముతుంది. రెండు గుక్కలు పట్టుకుని మళ్లీ బిగించేస్తారు. రుచి చూడాలని ప్రతిసారీ పైనున్న బిరడా తీస్తే లోపలికి గాలి చొరబడి సరుకు పాడవుతుంది. ఈ మేకు ఉపాయాన్ని కాలిఫోర్నియాలో విన్నీ సిలుర్జో అనే బీరు తయారీదారు ప్రచారంలోకి తెచ్చాడు. అందుకే మా చోట దీన్ని విన్నీ మేకు అంటారు.

నేను పీపాను. నా కడుపులో 53 గ్యాలన్లు, అంటే 200 లీటర్లు పడతాయి. చికాగోలో ఒక చిన్న బ్రూవరీ వెనక గదిలో, నాలాంటి మరో ఇరవై పీపాల మధ్య పడుకుని ఇంపీరియల్ స్టౌట్ అనే నల్లటి బీరును మోస్తున్నాను. నాకు నాలుక లేదు. నాలో మాగినదాని రుచి తాగినవాళ్ల మొహాలు చూసి తెలుసుకోవలసిందే. అన్ని మొహాల్లోనూ ఒక్క మొహం గురించి చెప్పాలని ఉంది. దానికి ముందు నా ఒంటి మీద పడిన మంట సంగతి చెప్పాలి.

మిస్సోరీలోని ఓజార్క్ కొండల్లో తెల్ల ఓక్ చెట్టుగా ఎనభై ఏళ్లకు పైగా నిలబడ్డాను. ఎర్ర ఓక్ చెక్క ముక్కను ఒక కొసన నోట పెట్టుకుని ఊదితే రెండో కొసన గాలి వస్తుంది. దాంతో పీపా చేస్తే గోనెసంచిలో నీళ్లు పోసినట్టే. మా జాతి చెట్టు మాత్రం ముదిరే కొద్దీ తన నీటి నాళాలను తానే లోపలి నుంచి పూడ్చుకుంటుంది. అందుకే మాలోంచి ద్రవం కారదు, కానీ ఊపిరి మాత్రం కొద్దికొద్దిగా ఆడుతుంది. నా బతుకంతా ఆ కొద్దిపాటి ఊపిరి మీదే నడిచింది.

కోసిన పలకలను వెంటనే వాడలేదు. ఆరుబయట దొంతర్లుగా పేర్చి ఏడాదికి పైగా ఎండకూ వానకూ మంచుకూ వదిలేశారు. కరక్కాయ కొరికినట్టు నోరు పట్టేసే వగరు నాలో ఉండేది. దాన్ని చాలావరకు వానలే కడిగాయి. తర్వాత ముప్ఫై పైచిలుకు పలకలను గుండ్రంగా నిలబెట్టి, ఆవిరి పట్టి, మెత్తబడ్డాక వంచి, ఇనుప కట్లు బిగించారు. జిగురు చుక్క వాడలేదు, ఒక్క మేకు కొట్టలేదు. పలకను పలక ఒత్తుకునే బిగువే నన్ను నిలబెట్టింది. మూతలు ఇంకా పెట్టకముందే మంట మీదికి తీసుకెళ్లారు.

కాల్చడంలో నాలుగు మెట్లున్నాయి. మొదటి మెట్టుకు 15 సెకన్లు, నాలుగో మెట్టుకు 55. నాది నాలుగోది. కింది నుంచి లేచిన మంట నన్ను నిలువునా తాగింది. లోపలి చర్మం మొసలి వీపులా పగిలి పొలుసులు లేచింది. ఇంకా కాలనిస్తే బొగ్గునై రాలిపోయేదాన్ని. సరిగ్గా అప్పుడు నీళ్లు చల్లి ఆపారు. ఆపిన ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. నాలో ఈనాడు ఏ తీపి ఉన్నా అది ఆ చెయ్యి పెట్టిన భిక్ష. పైన నలుపు, దాని కింద సన్నని ఎర్రపొర. చెక్కలో దాగి ఉన్న చక్కెరలు ఆ పొరలో పాకమయ్యాయి. చెక్కను గట్టిగా పట్టి ఉంచే పదార్థం వేడికి విరిగి వెనిల్లా వాసనైంది. కొబ్బరి వాసన ఓక్ చెక్కకు పుట్టుకతో వచ్చినదే.

అక్కడి నుంచి కెంటకీ వెళ్లాను. బోర్బన్ విస్కీ అనిపించుకోవాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలనీ, లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే ఉంచాలనీ అమెరికా చట్టం. ఆ ‘కొత్త’ అన్న మాటే నా తలరాత. ఆరు వేసవులు బోర్బన్ నా చెక్కలోకి చొచ్చుకుపోయింది, ఆరు చలికాలాలు వెనక్కి వచ్చింది. ఏటా కొంత ఆవిరై పోయేది. దాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. ఆరేళ్లకు నన్ను ఖాళీ చేశారు. ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు. నాతోటివాళ్లలో చాలామంది ఓడెక్కి స్కాట్లండ్ విస్కీకి వెళ్లారు. కొందరు మెక్సికో టెకీలాకు, కొందరు లూయిసియానాలో మిరప ముద్ద ఊరబెట్టడానికి పోయారు. నేను లారీలో ఉత్తరానికి, చికాగోకు వచ్చాను. ఖాళీ పీపా అన్నారే గానీ, నా చెక్కలో లీటర్ల కొద్దీ బోర్బన్ ఇంకి ఉంది.

నాలో పోసిన స్టౌట్‌కు నాకన్నా చాలా పెద్ద వంశచరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ హమాలీలు ఇష్టంగా తాగిన ముదురు బీరుకు పోర్టర్ అని పేరొచ్చింది. అందులో గట్టిదాన్ని స్టౌట్ పోర్టర్ అన్నారు. స్టౌట్ అంటే మొదట్లో నలుపు అని కాదు, దిట్టమైనది అని. థేమ్స్ దక్షిణపు ఒడ్డున సదర్క్‌లోని యాంకర్ బ్రూవరీ నుంచి ఈ సరుకు రష్యాకు వెళ్లేది. 1796లో జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడు, రష్యా మహారాణి కోసం ప్రత్యేకంగా కాచిన పోర్టర్ తాగానని, అది ఏడేళ్లు నిలుస్తుందని తనకు చెప్పారని డైరీలో రాసుకున్నాడు. ఇంపీరియల్ అన్న పేరు వెనక ఉన్నది ఆ రష్యా దర్బారే.

మా చెక్కజాతి తలదించుకునే కథ కూడా లండన్‌లోనే ఉంది. 1814 అక్టోబర్ 17న టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర ఒక బ్రూవరీలో, 22 అడుగుల ఎత్తున్న చెక్క తొట్టె నుంచి ఒక ఇనుప కట్టు జారిపడింది. ఇలాంటివి మామూలేనని వదిలేశారు. గంట గడిచాక తొట్టె బద్దలైంది. పోర్టర్ వరదై గోడను కూల్చుకుని పక్క వీధిలోని పేదల ఇళ్లలోకి దూకింది. ఎనిమిది మంది పోయారు, అందరూ ఆడవాళ్లూ పిల్లలే. చనిపోయిన ఒక చిన్న పిల్లాడి శవం దగ్గర కూర్చున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. మా గదిలో ఎవరైనా నా కట్ల మీద సుత్తితో తట్టి చూసినప్పుడల్లా ఆ వీధి గుర్తొస్తుంది. తట్టి చూడడం మానకూడదని నా ప్రార్థన.

స్టౌట్‌కు ఈ నలుపు ఎక్కడిదంటే, 1817 నాటి డేనియల్ వీలర్ పేటెంటు దగ్గరికి వెళ్లాలి. అంతకుముందు మాల్ట్‌ను, అంటే మొలకెత్తించిన బార్లీని, ముదురుగా ఆరబెట్టి వాడేవారు. రంగు వచ్చేది గానీ బీరుకు కావలసిన చక్కెర తగ్గిపోయేది. వీలర్ ఒక ఇనుప డ్రమ్మును నిప్పు మీద తిప్పుతూ, కాఫీ గింజలు వేయించినట్టు మాల్ట్‌ను వేయించాడు. తెల్ల మాల్ట్ దండిగా వేసి, ఈ నల్లదాన్ని గుప్పెడు కలిపితే చాలు, బీరంతా నల్లబడుతుంది. వేడి 200 డిగ్రీలు దాటాక గింజకూ బూడిదకూ మధ్య దూరం చాలా తక్కువ. ఒక్క క్షణం ఏమరితే డ్రమ్ములోనే అంటుకుంటుంది. అందుకే వేయించేవాళ్లు నీళ్లు సిద్ధంగా పెట్టుకుంటారు. ఇది విన్నప్పుడు నాకు నా 55 సెకన్లు గుర్తొచ్చాయి. మేమిద్దరం ఒకే రకం మంట చూసినవాళ్లం.

బోర్బన్ పీపాలో స్టౌట్ పోయడానికి పేరు తెచ్చింది మా చికాగోలోని గూస్ ఐలాండ్ బ్రూవరీ, 1990లలో. మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ నేల కింద, పాత జిప్సం గనుల చల్లదనంలో కూడా నాలాంటి పీపాలు స్టౌట్‌తో పడుకుని ఉన్నాయి. నాకు గని దొరకలేదు. చికాగో వేడీ చలీ రెండూ తగిలే ఇటుక గోడల గది దొరికింది.

గంటల తరబడి మరిగించి చిక్కబరిచిన రసం, ఈస్ట్ పని పూర్తయ్యాక, నా చెక్క ఆరిపోకముందే నాలోకి వచ్చింది. మొదటి నెలల్లో మేకు లాగినప్పుడల్లా ఒట్టి మద్యపు ఘాటే. రుచి చూసినవాళ్లు కళ్లు చిట్లించేవారు. చలికాలం గడిచే సరికి నా ఎర్రపొరలోనిది స్టౌట్‌లోకి దిగడం మొదలైంది. అదే రోజుల్లో నా పక్క పీపా పాడైంది. మేకు తీయగానే వెనిగర్ వాసన కొట్టింది. ఎక్కడో సన్నని సందు నుంచి గాలీ, గాలి కోసం కాచుకున్న సూక్ష్మజీవులూ లోపల పడ్డాయి. రెండు వందల లీటర్లూ కాలువలో పారబోశారు. గింజ పండించినవాడూ, వేయించినవాడూ, కాచినవాడూ పడ్డ కష్టమంతా పది నిమిషాల్లో వెళ్లిపోయింది. ల్యాబులో పనిచేసే అమ్మాయి ఆ ఖాళీ పీపా మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

ఆ అమ్మాయిది అనకాపల్లి. రసాయన శాస్త్రం చదవడానికి వచ్చి, ఇక్కడ ఈస్ట్ కణాలను మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టే పనిలో చేరింది. ఇంటికి ఫోన్ చేసేది నా పక్కన నిలబడే. నా తెలుగు అలా వచ్చింది.

పోయిన అక్టోబరులో వాళ్ల నాన్న వచ్చాడు. నలభై ఏళ్లు బెల్లం వండిన మనిషి. కూతురు ఏం పని చేస్తుందో చూడాలని ఆయన పట్టుబట్టాడట. తోలు కోటు లోపల పంచె కట్టు, చేతుల మీద పాత కాలిన మచ్చలు. నా పలకలను వేలి కణుపుతో తట్టి చూశాడు, దూలం కొనేవాడు చూసినట్టు.

అమ్మాయి తులిప్ ఆకారం గ్లాసు తెచ్చి మేకు లాగింది. నల్లధార పడింది. నురగ రాలేదు. పీపాలోని స్టౌట్‌కు నురగ ఉండదు, గ్యాసు సీసాలకు పట్టే ముందు ఎక్కిస్తారు. ఆయన గ్లాసును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. వెలుగు రాలేదు.

“ఏటమ్మా, ఇంజినాయిల్లాగుంది.”

“తాగెయ్యకు నాన్నా. ముందు కాస్త తిప్పి, వాసన చూడు. గట్టిగా పీల్చకు, కొంచెం కొంచెంగా.”

ఆయన తిప్పాడు. గాజు గోడల మీద నూనెలా ఒక పొర నిలిచి మెల్లగా దిగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాఫీ గింజలు వేయించిన వాసన అన్నాడు. మళ్లీ చూసి, కొబ్బరి అన్నాడు.

“దీంట్లో కొబ్బరేసారేటి?”

“వెయ్యలేదు నాన్నా. ఈ చెక్కలోంచే వచ్చింది.”

నా జన్మలో నా గురించి ఎవరైనా తెలుగులో చెప్పిన మొదటి మాట అది.

మొదటి గుక్కకు ఆయన మొహం ముడుచుకుంది. మాడు చేదు, దాని వెనకే ఛాతీలోకి దిగే వేడి. గ్లాసు తిరిగి ఇవ్వబోయాడు. అమ్మాయి తీసుకోలేదు. “మొదటి గుక్క నాలుకను సిద్ధం చెయ్యడానికే. పైగా ఇది ఇంకా చల్లగా ఉంది. రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చో.” స్టౌట్ మరీ చల్లగా ఉంటే చేదొక్కటే మాట్లాడుతుంది. పన్నెండు, పదమూడు డిగ్రీలకు వచ్చాకే మిగిలినవి బయటికొస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే గుటకలేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ. ఏడాది మోసినదాన్ని వినకుండానే వెళ్లిపోతారు.

ఆయన ఒక బల్ల మీద కూర్చున్నాడు. మచ్చల చేతుల వేడి గాజులోకి వెళ్లింది. పావుగంట తర్వాత రెండో గుక్క. ఈసారి వెంటనే మింగలేదు. కళ్లు మూసుకున్నాడు. ఎండు ఖర్జూరం అన్నాడు. కాసేపాగి, జాడీలో ఏడాది మాగి నల్లబడిన చింతపండు అన్నాడు. అమ్మాయి గబగబా కాగితం మీద రాసుకుంది. అంతకుముందు అక్కడ ఎంతోమంది చాక్లెట్ అనీ వెనిల్లా అనీ రాసి వెళ్లారు. పాత చింతపండు ఎవరికీ తట్టలేదు. నాలోని ఆ సన్నని పులుపుకు సరైన పేరు అదే.

మూడో గుక్కకు ఆయన గ్లాసును మోకాలి మీద దించాడు.

“ఇది మా పెనం వాసన తల్లీ. ఆఖరి పాకం.”

“అవునా నాన్నా?”

“పెనం దించే ముందు ఒక్క నిమిషం ఉంటది సూడు, అప్పుడొస్తది. పొయ్యిలో పిడికెడు పిప్పి ఎక్కువేసామా, బెల్లం నల్లబడిపోద్ది. సేదొచ్చేస్తది. కొనేవోడు ఆ దిమ్మ పక్కన పడేస్తాడు.” గ్లాసులోకి చూశాడు. “ఈళ్లు ఆ సేదుని పారెయ్యలేదు. తీపి పక్కనెట్టి దాసుకున్నారు.”

అమ్మాయి తన రసాయన శాస్త్రం చెప్పింది. చెరకు రసమైనా, గింజయినా, చెక్కయినా వేడికి చక్కెరలు విరిగి రంగూ వాసనా మార్చుకునే తీరు చాలావరకు ఒకటేనంది. ఆయన విన్నాడు గానీ చూపు నా మీదే ఉంది. లేచి వచ్చి, నా పలక మీద అరచెయ్యి ఆనించాడు.

“దీన్ని ఎంతసేపు కాల్సారు?”

“యాభై అయిదు సెకన్లు.”

“గడియారం ఎట్టుకునా?”

“అవును.”

ఆయన తల ఊపాడు. అమ్మాయి మేకును రంధ్రంలో పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేసింది. ఆయన చెయ్యి తియ్యలేదు. రెండో చేతి బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. యాభై అయిదు దగ్గర ఆగి, బల్ల మీద మిగిలిన గుక్క కోసం గ్లాసు ఎత్తాడు.