బోర్డు మంచిగనే ఉన్నది

అప్‌గ్రేడ్ అన్న కంప్యూటర్ మెకానిక్ కాడు. మెకానిక్‌కు షాపుంటుంది, రేటుంటుంది, సాయంత్రానికల్లా మిషన్ తిరిగివ్వాలన్న భయముంటుంది. అన్నకు ఈ మూడూ లేవు. ఉన్నవల్లా పదిహేనేళ్లు దాటిన ఒక అసెంబుల్డ్ కంప్యూటర్, ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మదర్‌బోర్డు మీద చెక్కుచెదరని నమ్మకం. గౌలిపురలో గల్లీకి ఒకరైనా ఇటువంటివారు ఉంటారు. జీవనోపాధికి ఆయన జిరాక్స్ సెంటర్ నడపవచ్చు, ప్రైవేటు బడిలో గుమాస్తాగా చేయవచ్చు, శాలిబండలో ఏదో కొట్టులో లెక్కలు రాయవచ్చు. అదంతా పొట్టకూటి కోసం. ఆదివారం మాత్రం ప్రాసెసర్‌ది.

ఆయన్ని గుర్తుపట్టడానికి ఇంట్లోకి వెళ్లి కంప్యూటర్ చూస్తే చాలు. క్యాబినెట్‌కు పక్కరేకు ఉండదు. ఎందుకు లేదని అడిగితే "గాలి ఆడాలె" అంటాడు. ఆ రేకు డాబా మీద వడియాలు ఎండబెట్టే పనిలో కుదురుకుని చాలా కాలమైంది. మర రావలసిన చోట్లలో సగం ఖాళీగా ఉంటాయి. విప్పిన మరలన్నీ ఒక జర్దా డబ్బాలో ఉంటాయి, కావలసింది తప్ప. బల్ల సొరుగులో పాత ర్యాములు, ఏ పరికరానివో ఎవరికీ తెలియని కేబుళ్లు, ఎప్పుడో పోయిన మౌసు తాలూకు గుండు ఉంటాయి. వీటిలో దేన్నీ పారేయడానికి వీల్లేదు. "పనికొస్తది" అన్నది ఆ ఇంట్లో చట్టం.

అప్‌గ్రేడ్ కోరిక ఏడాది పొడుగునా ఉన్నా, ఆషాఢానికి ముందు ముదురుతుంది. లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారి బోనాలు దగ్గరపడే కొద్దీ పాతబస్తీ పోరగాళ్లు తీన్మార్ మిక్సులకు దిగుతారు. అన్న కొడుకో మేనల్లుడో ఆ ముసలి మిషన్ మీదే పాటలు కలిపే ఎఫ్‌ఎల్ స్టూడియో తెరుస్తాడు. పాట సేవ్ చేయమని నొక్కితే మిషన్ ఊపిరి బిగబడుతుంది. పోరడు ఛాయ్ తాగి వస్తాడు, టిఫిన్ చేసి వస్తాడు, పచ్చగీత సగం కూడా దాటదు. అన్న వెనక నిలబడి రెండు నిమిషాలు చూసి తీర్పు చెప్తాడు: "డ్యుయల్ కోర్ సాల్తలేదు. క్వాడ్ ఏద్దాం." బోర్డు మారిస్తే పోదా అని పోరడు అడగకూడదు. అడిగితే జవాబు తయారుగా ఉంటుంది: "బోర్డుకేమైంది? బోర్డు మంచిగనే ఉన్నది."

ఆ బోర్డు ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. 2008 ప్రాంతంలో కొన్న మిషన్లలో తరచూ కనిపించేది ఇంటెల్ జీ31 చిప్‌సెట్ బోర్డు. దాని మీద పెంటియమ్ డ్యుయల్ కోర్ ఈ2180 వంటి ప్రాసెసర్: వేగం 2 గిగాహెర్ట్జ్, చిప్‌సెట్‌తో మాట్లాడే దారి అయిన బస్సు 800 మెగాహెర్ట్జ్, ఖర్చు 65 వాట్లు. ర్యామ్ డీడీఆర్2, ఎంత తన్నుకున్నా 4 జీబీకి మించి పట్టదు. సాకెట్ పేరు ఎల్‌జీఏ 775. అన్న పతనానికి బీజం ఈ సాకెట్‌లోనే ఉంది. ఇంటెల్ దీన్ని 2004లో తెచ్చింది. పెంటియమ్ 4 దీంట్లోనే కూర్చుంది, పెంటియమ్ డీ దీంట్లోనే కూర్చుంది, 2006లో కోర్ 2 డుయో, ఆ వెంటనే కోర్ 2 క్వాడ్ కూడా దీంట్లోనే కూర్చున్నాయి. అన్నీ అదే కొలత, అవే 775 కాంటాక్టులు. కనుక ఏదైనా దేంట్లోనైనా నడుస్తుందని అన్న సిద్ధాంతం. ఎత్తు సరిపోయిందని జాతకం చూడకుండానే ముహూర్తం పెట్టించే పెద్దమనిషి వరస ఇది. నిజానికి 915 చిప్‌సెట్ ఉన్న తొలినాళ్ల బోర్డులో కోర్ 2 డుయో చక్కగా ఒదుగుతుంది, మూత పడుతుంది, అంతకు మించి ఏమీ జరగదు.

సాకెట్ కలిశాక కలవాల్సినవి ఇంకా మూడున్నాయి. మొదటిది చిప్‌సెట్: ప్రాసెసర్ అడిగే బస్సు వేగాన్ని అది ఇవ్వగలగాలి. జీ31 వరకైతే 1333 మెగాహెర్ట్జ్ దాకా ఫరవాలేదు. రెండోది కరెంటు. ప్రాసెసర్ పక్కన వరసగా ఉండే కాయిళ్లు, కెపాసిటర్లు కలిసి 12 వోల్టులను దించి దానికి కావలసిన ఒక వోల్టుకు అటూ ఇటూగా ఇస్తాయి. మొదట్లో వచ్చిన క్యూ6600 రకం క్వాడ్ 105 వాట్లు, తర్వాతి క్యూ9550 అయినా 95 వాట్లు. ఇన్ని వాట్లకు మించిన ప్రాసెసర్ పెట్టవద్దని కొన్ని చవక బోర్డుల కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం కొన్న రోజునే అటక ఎక్కింది. మూడోది బయోస్, అంటే మిషన్‌ను మొదట లేపే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రాం. ప్రాసెసర్‌ను గుర్తుపట్టి లేపడానికి కావలసిన మైక్రోకోడ్ బయోస్‌లో ఉండాలి. 2007లో రాసిన బయోస్‌కు 2008లో పుట్టిన క్యూ9550 ఎవరో తెలియదు. తెలియని మనిషికి అది తలుపు తీయదు. ఏ బోర్డుకు ఏ బయోస్‌తో ఏ ప్రాసెసర్ నడుస్తుందో తయారీదారు వెబ్‌సైట్లో పట్టికగా పెడతాడు. చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది, బోర్డు మోడల్ పేరు తెలిస్తే. అన్నకు తెలిసిన పేరు "ఇంటెల్ బోర్డు".

కొనుగోలు ఒక యాత్ర. కోఠి గుజరాతీ గల్లీలో ఒక విచారణ, ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో ఇంకొకటి. ఆఖరుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కథ తేలుతుంది. అక్కడ మెట్ల కింద పాత మాల్ అమ్మే కుర్రాడు ప్రాసెసర్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని లైటు కింద తిప్పుతాడు. "775ఏ కదన్నా, కూసుంటది. చెకింగ్ వారంటీ." అంటే నడుస్తుందో లేదో చూసుకునే వరకే పూచీ, చూసుకున్నాక ఏమైనా అయితే ఆ బంధం తీరినట్టే. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కూర్చుంటుందన్నాడు, లేస్తుందనలేదు. బేరంలో భాగంగా అన్న అంతదాకా రోజూ పనిచేసిన పాత ప్రాసెసర్‌ను అక్కడే ఎక్స్‌ఛేంజీ కింద ఇచ్చి రేటులో కొంత కోత పెట్టించుకుంటాడు. మూసీ దాటి ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే వెలుగు ఈ కోత వల్ల వచ్చినదే. ఈ కోత సంగతి తర్వాత తేలుతుంది.

బిగింపు మంచం మీద జరుగుతుంది. కింద పాత దినపత్రిక, పైన అడ్డంగా పడుకోబెట్టిన క్యాబినెట్, నోట్లో పట్టుకున్న సెల్‌ఫోన్ టార్చి. ఎల్‌జీఏ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, సాకెట్లోనే ఉంటాయి; వెంట్రుక కంటే కాస్త లావు, అన్నీ ఒకే వైపు వంగి గడ్డి చేనులా కనిపిస్తాయి. ఒక్కటి పక్కకు వాలినా టార్చి పక్క నుంచి వేస్తేనే తెలుస్తుంది. అన్న దాన్ని సూదితో లేపుతాడు. ఈ ఒక్క ఘట్టంలో ఆయన నిజంగా గొప్పవాడు: చేయి వణకదు, ఊపిరి తీయడు, ఇల్లంతా మాట్లాడటం మానేస్తుంది. పిన్ను లేస్తుంది. ఆ వెంటనే హీట్‌సింకు దగ్గర గొప్పతనం అయిపోతుంది. దాని నాలుగు ప్లాస్టిక్ కాళ్లను ఎదురెదురుగా, మూలకు మూల నొక్కాలి, నాలుగూ టక్కుమనాలి. అన్న నొక్కితే మూడు టక్కుమంటాయి. నాలుగోది అన్నట్టే అనిపిస్తుంది. ప్రాసెసర్ వేడి హీట్‌సింకుకు అందడానికి మధ్యలో పూసే పేస్టు సంగతి సరేసరి. కొద్దిగా రాస్తే చాలని పుస్తకాలు చెప్తాయి, అన్న దోసె మీద వెన్న పూసినంత పూస్తాడు.

స్విచ్ నొక్కుతారు. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర నల్లగా ఉంటుంది.

ఇక్కడి నుంచి ఆయన చేసే చికిత్సకు ఒక క్రమం ఉంది. అది సరైన క్రమానికి కచ్చితంగా తలకిందులు. మొదట ర్యామ్ తీసి కొడుకు కంపాస్ బాక్సులోని నటరాజ్ ఎరేజర్‌తో దాని బంగారు పళ్లు తోముతాడు. దేశంలో ఏ కంప్యూటర్‌కు ఏ రోగం వచ్చినా తొలి మందు ఇదే, అప్పుడప్పుడు పనిచేస్తుంది కూడా. అందుకే ఎవరూ మానరు. తర్వాత రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ తీసి పెడతాడు. ఆ తర్వాత కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానిస్తాడు, ఆ తర్వాత మానిటర్ కేబుల్‌ను, ఆ తర్వాత గౌలిపుర కరెంటును. కిటికీలోంచి పక్కింటాయన "క్యా భయ్యా, డిస్‌ప్లే ఆయా?" అని అడుగుతాడు. "ఆయేగా, ఆయేగా." భార్య తలుపు దగ్గర నిలబడి "మంచమంత పరిచి పెట్టినవ్, పోరని హాల్‌టికెట్ రేపే తియ్యాలె, యాది ఉన్నదా?" అంటుంది. జవాబు ఉండదు.

సరైన పద్ధతి ఇంత పెద్దది కాదు. ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల 12 వోల్టుల కేబుల్ గుచ్చారో లేదో ముందు చూడాలి. అది మరచిపోతే సరిగ్గా ఇలాగే ఫ్యాను తిరిగి తెర చీకటిగా ఉంటుంది. తర్వాత బ్యాటరీ పక్కనున్న మూడు పిన్నుల జంపర్‌తో పాత సెట్టింగులు చెరిపేయాలి. ఒక్క ర్యామ్‌తో, హార్డ్‌డిస్క్ లేకుండా మొదలుపెట్టాలి. బోర్డుకు చిన్న స్పీకర్ తగిలిస్తే బీపులు వినిపిస్తాయి. ఏ బీపుకు ఏ అర్థమో బయోస్‌ను బట్టి ఉంటుంది. ఇవన్నీ అయ్యాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతే అనుమానం బయోస్ మీదికి పోవాలి. అప్పుడు చేయవలసింది పాత ప్రాసెసర్‌ను మళ్లీ పెట్టి, మిషన్ లేపి, కొత్త బయోస్ ఎక్కించి, ఆ తర్వాత కొత్త ప్రాసెసర్ పెట్టడం. పాత ప్రాసెసర్ పార్క్‌లేన్‌లో ఉంది. దాన్ని మరెవరో అన్న తన బోర్డు కోసం ఆ పాటికి కొనేసి ఉంటాడు.

కనుక మళ్లీ యాత్ర. బదులుకు తెచ్చిన ప్రాసెసర్‌తో మిషన్ లేచాక బయోస్ మార్చడం మొదలవుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు నిజంగానే పోతుందని అందరికీ తెలుసు. యూపీఎస్ ఉన్నా దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చి, ప్లగ్గుల పెట్టెలా సేవ చేస్తోంది. ఇల్లాలు ఫ్రిజ్ ఆపుతుంది, ఎందుకో ఎవరికీ తెలియకపోయినా. గీత నిండుతుంది. అన్న కళ్లు మూసుకుని కొత్త ప్రాసెసర్ మళ్లీ బిగిస్తాడు.

ఈసారి తెర వెలుగుతుంది. నాలుగు కోర్లు కనిపిస్తాయి. ఇల్లంతా వచ్చి చూసి వెళ్తుంది. పది నిమిషాల తర్వాత మిషన్ వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, టక్కుమనని నాలుగో కాలు వల్ల. ఆ కాలు నొక్కాక వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఇంటర్నెట్ వాడికి ఫోన్ చేసి అన్న గట్టిగా మాట్లాడతాడు. తప్పు వాడిది కాదు: బ్యాటరీ తీసినందువల్ల తేదీ ఏళ్ల వెనక్కి పోయింది, పాత తేదీ చూసి బ్రౌజర్ ప్రతి సైటునూ శంకిస్తోంది. తేదీ సరిచేశాక శంక తీరుతుంది. ఫోన్ చేసి క్షమించమనే అలవాటు అన్నకు లేదు.

ఈ తెగలో ఒక తీవ్రవాద శాఖ కూడా ఉంది. వీరు 775లో 775 ప్రాసెసర్ పెట్టడాన్ని చిన్నతనంగా భావిస్తారు. సర్వర్ల కోసం చేసిన 771 సాకెట్ జియాన్ ఈ5450ను ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు. అది 3 గిగాహెర్ట్జ్, నాలుగు కోర్లు, 80 వాట్లు. సాకెట్ అంచులోని రెండు బొడిపెలు బ్లేడుతో చెక్కి, రెండు కాంటాక్టులను అటూ ఇటూ మార్చే గోరంత స్టిక్కర్ ప్రాసెసర్ కింద అంటించి, బయోస్‌లో దాని మైక్రోకోడ్ చేరిస్తే చాలా బోర్డుల మీద నడుస్తుంది. నడిచిన రోజున వారితో మాట్లాడటం కష్టం.

లాభం కూడా చెప్పకపోతే అన్యాయం. పాట సేవ్ కావడం నిజంగానే ముందుకంటే త్వరగా అవుతుంది. అటువంటి పనికి నాలుగు కోర్లు ఉపయోగం. మిషన్ ఆన్ కావడం, ఫైళ్లు తెరుచుకోవడం మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఆలస్యం చేసేది తిరిగే హార్డ్‌డిస్క్. ఆ డబ్బుకు దాని బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ కొని వేస్తే ఇంటిల్లిపాదికీ తేడా తెలిసేది, బోర్డు మీద చేయి వేసే పనే ఉండేది కాదు. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 తాలూకు 24హెచ్2 రకం కోరే పాప్‌కౌంట్ అనే ఆదేశం కోర్ 2 తరం ప్రాసెసర్లలో ఒక్కదాంట్లోనూ లేదు. ఎంత ఖరీదైన క్వాడ్ పెట్టినా అది లేవదు. ఇది చెప్తే అన్న లినక్స్ సీడీ తీస్తాడు.

ఇంట్లో ఇటువంటి అన్న ఉన్నవారికి ఒక్క మాట. ఆయన్ని ఆపాలని చూడకండి, ఆగడు. ఆయన బజారుకు బయల్దేరే ముందు, తీసిన పాత ప్రాసెసర్‌ను ప్లాస్టిక్ డిప్పలో భద్రంగా పెట్టి కందిపప్పు డబ్బా వెనక దాచండి. కొత్తది కనీసం వారం రోజులు నిలిచి నడిచాకే అదెక్కడుందో చెప్పండి.