చుక్క ఎందుకు చేపలేదు

ముందు నేను చేసిన పని చెప్పేస్తాను. 19 రోజుల పాటు, పూటకొకటి చొప్పున, మా గేదె మెడకు సూది పొడిచాను. మొత్తం 38 సూదులు. పాల కోసం.

నిరుడు కార్తీకంలో అమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఇంట్లో నేను, చావిట్లో చుక్క మిగిలాం. నుదుట తెల్లమచ్చ ఉందని అమ్మ దానికి పెట్టిన పేరది. మూడో ఈతలో పుట్టిన దూడ నెల తిరక్కుండానే చచ్చిపోతే, తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టమని ఊళ్లో అంతా చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. "చచ్చిన బిడ్డను తల్లి ముందు నిలబెట్టడానికి నాకు చేతులు రావు" అంది. తౌడు పెట్టి, పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఒళ్లు నిమురుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చునేది. కొన్నాళ్లకు చుక్క అమ్మ చేతికి చేపడం మొదలుపెట్టింది. ఇక దానికి దూడ కూడా అమ్మే.

ఇదంతా నా కళ్లముందే జరిగింది. అయినా అమ్మ పోయాక అది ఎగజేపితే పొగరనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడ మొదలైంది.

మొదటి రోజు నాలుగు చన్నులూ లాగి లాగి వేళ్లు నొప్పెట్టాయి గానీ గ్లాసెడు పాలు రాలేదు. పొదుగేమో నిండుగా ఉంది. కాలు విదిల్చింది. నేను కర్ర తీశాను. తెల్లవారుజామున చావిట్లోకి వెళ్లేసరికి చుక్క చెవులు నిక్కించి వంటింటి గుమ్మం వైపు చూస్తూ ఉండేది. ఎదురుగా వెళ్లి నిలబడినా నన్ను దాటి అటే చూసేది. ఎవరి కోసమో నాకు తట్టలేదు. పాలకేంద్రం పుస్తకంలో నా గడి ఖాళీగా ఉందన్న దిగులు ఒక్కటే ఉండేది.

నాలుగో రోజు ఒకాయన లేబుల్ లేని చిన్న సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. ఒక్క సూదితో చేపుతుందన్నాడు. నిజంగానే చేపింది. తపేలా నిండింది. సీసాను చూరులో దోపాను. మొదట్లో సూది దిగినప్పుడు మాత్రమే దాని చర్మం జలదరించేది. రెండో వారానికి నేను గుమ్మం దిగితేనే వణకడం మొదలైంది. వీపు వంచుకుని, మేత వైపు చూడకుండా నిలబడేది. నేను అది చూశాను. చూసి కూడా పాలు పితికాను.

చివరికి కుడితి ముట్టడం మానేస్తే పశువుల డాక్టరమ్మను పిలిచాను. చూరులో సీసా ఆమె కంటబడింది. తిట్టలేదు, కూర్చోబెట్టి చెప్పింది. ఆ మందు పేరు ఆక్సిటోసిన్. గేదె మెదడు కింద ఉండే గ్రంథి తనంతట తాను వదిలేది కూడా అదే. దూడ మూతి తగిలినా, నమ్మిన చెయ్యి తగిలినా అది రక్తంలోకి వస్తుంది, పొదుగులోని సన్నటి కండరాలు బిగిసి పాలు కిందికి దిగుతాయి. ఆవుకైతే కొన్ని పాలు ముందే దిగి ఉంటాయి. గేదెకు దాదాపు అన్నీ పైనే ఉండిపోతాయి. బెదిరితే ఆ దారి మూసుకుపోతుంది. కావాలని దాచుకోవడం దాని చేతుల్లో లేదు. పైగా ఈ మందు గర్భసంచిని కూడా బిగిస్తుంది. ఆసుపత్రిలో ఆడవాళ్లకు కాన్పు నొప్పులు రావడానికి ఎక్కించేది ఇదే. అంటే రోజుకు రెండుసార్లు దానికి నేను నొప్పులు తెప్పించాను. పాల కోసం పశువుకు హాని చేసే సూది వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరమనీ, రెండేళ్ల వరకు జైలు పడవచ్చనీ కూడా చెప్పింది. జైలు మాట కన్నా నొప్పుల మాటే నన్ను ఎక్కువ కోసింది.

తర్వాత ఆ మందు గురించి దొరికిందల్లా చదివాను. జపాన్‌లో అజబు విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. కుక్కా దాన్ని పెంచే మనిషీ ఎక్కువసేపు కళ్లలోకి చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఇదే ఆక్సిటోసిన్ పెరిగిందట. అమ్మ తౌడూ, గోరువెచ్చటి నీళ్లూ, మాటలూ పెట్టి రోజూ తెచ్చుకున్నదాన్ని నేను సీసాలో కొనుక్కొచ్చి పొడిచాను.

డాక్టరమ్మ వచ్చి వెళ్లిన మర్నాడు పక్కింటి పిన్ని గోడ మీంచి అంది: "ఒరేయ్ అబ్బాయ్, దానికి మీ అమ్మ కావాలిరా. మేకుకు ఆ చీర ఉందిగా, కప్పుకుని కూర్చో." పాలు తీసేటప్పుడు అమ్మ కట్టుకునే పాత నేతచీర అది. పేడ, పొగ, పులిసిన పాల వాసన. భుజాల మీదుగా కప్పుకున్నాను. చుక్క మూతి చాచి కొంగు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తడి ముక్కు నా మోచేతికి ఆనింది. ఆ పూట అర లీటరు కూడా రాలేదు. కానీ నాకు ఏడుపొచ్చింది. శ్మశానంలో ఏడవలేదు. పెద్దకర్మకు ఏడవలేదు, భోజనాల ఏర్పాట్లలో పడిపోయాను. అమ్మ కోసం నాలాగే కాచుకుని ఉన్న ప్రాణి ఇంకొకటి ఇంట్లోనే ఉందనీ, దాన్నే ఇన్నాళ్లూ పొడిచాననీ అప్పుడు తెలిసింది.

మళ్లీ సూది ముట్టలేదు. మందుకు అలవాటు పడ్డ గేదె కదా, రెండు వారాలు పాలు బాగా తగ్గిపోయాయి. డబ్బు పోయింది, పోనీ. రోజూ పక్కన కూర్చుని మొదట పొలం సంగతులు చెప్పాను, తర్వాత అమ్మ సంగతులు. మనుషులెవరికీ చెప్పుకోలేనివి దానికి చెప్పుకున్నాను. ఒకరోజు చీర మర్చిపోయి కూర్చున్నాను. అరచేతి కింద చన్ను మెల్లగా నిండి, బిగిసి, వెచ్చబడింది. మొదటి ధార ఖాళీ తపేలా అడుగున టంగుమంది, తర్వాతివి నురగలోకి మెత్తగా దిగాయి. ఆ పూట వచ్చింది రెండున్నర లీటర్లు. మందుతో మూడు వచ్చేవి.

దాని మెడ మీద సూదులు దిగిన చోట చిన్న గడ్డ ఇంకా ఉంది. రోజూ అక్కడ చెయ్యి వేసి నిమిరాకే తౌడు పెడతాను.

మీ చావిడి చూరులో కూడా అలాంటి సీసా ఉంటే, రేపు ఒక్క పూట దాన్ని తీయకండి. పది నిమిషాలు ముందు లేచి, గోరువెచ్చటి నీళ్లు పట్టుకెళ్లి, మీ గేదె పక్కన కూర్చోండి.